హెరిటేజ్ మేనేజ్‌మెంట్ చదవాలనుకునేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

వారసత్వ రంగంలోకి రావాలనుకునేవారు అడిగే సందేహాలు ఏళ్లు గడిచినా పెద్దగా మారలేదు. "ఉద్యోగాలున్నాయా?" దగ్గర మొదలై "చార్టర్లన్నీ (పరిరక్షణ ఎలా చేయాలో చెప్పే నియమ పత్రాలు) బట్టీ పట్టాలా?" దాకా అవే ప్రశ్నలు. ఒక్కొక్కరికి తొందరలో సగం సగం జవాబు చెప్పేకన్నా అన్నీ ఒకచోట రాసిపెట్టడం మేలనిపించింది. మీరు ఏ దశలో ఉంటే ఆ భాగానికే నేరుగా వెళ్లండి. ప్రతి జవాబూ దానికదే పూర్తిగా ఉంటుంది.

## చేరకముందు

హెరిటేజ్ మేనేజ్‌మెంట్ అంటే పురావస్తు శాస్త్రమేనా? తవ్వకాలు చేయాలా?

రెండూ ఒకటి కాదు. ఒక పాత కోటను ఊహించుకోండి. ఎప్పుడు కట్టారో చరిత్రకారులు చెబుతారు. నేల కింద ఏముందో పురావస్తు నిపుణులు చెబుతారు. గోడ ఎందుకు పగులుతోందో కన్జర్వేషన్ ఇంజినీర్లు చెబుతారు. ఇవన్నీ తెలిశాక కూడా కొన్ని ప్రశ్నలు మిగిలిపోతాయి. మరమ్మతు ఈ ఏడాది గోడకు చేయాలా, పైకప్పుకు చేయాలా? డబ్బు ఎవరిస్తారు? పని జరిగినన్నాళ్లు సందర్శకులను ఏ దారిన పంపాలి? కోట లోపల తరతరాలుగా కాపురముంటున్న కుటుంబాల మాటేమిటి? ఈ ప్రశ్నలకు నిర్ణయాలు తీసుకోవడం, ఆ నిర్ణయాలకు కారణాలు రాసిపెట్టడం, వాటిని అమలు చేయించడం హెరిటేజ్ మేనేజర్ పని. తవ్వకం చేయక్కర్లేదు. కానీ తవ్వకం నివేదిక చదివి అర్థం చేసుకోగలగాలి.

నేను చరిత్ర చదవలేదు, కామర్స్ చదివాను. నన్ను తీసుకుంటారా?

చాలా కోర్సులు తీసుకుంటాయి. ఆర్కిటెక్చర్, చరిత్ర, లా, భూగోళం, టూరిజం, కామర్స్, ఇలా అన్ని వైపుల నుంచీ వచ్చినవాళ్లు ఒకే క్లాసులో కూర్చునే చదువు ఇది. బడ్జెట్ రాయగలిగినవాళ్లు, ఒప్పందం చదవగలిగినవాళ్లు ఈ రంగంలో తక్కువ. కాబట్టి కామర్స్ చదివినందుకు మొహమాటపడకండి. దరఖాస్తులో "నాకు చిన్నప్పటి నుంచి చరిత్ర అంటే ఇష్టం" అని రాసేకన్నా, మీకు తెలిసిన ఒక స్థలంలో నిర్వహణ లోపం ఎక్కడుందో ఒక పేరాలో రాయండి. ఎంపిక చేసేవారికి కావలసింది ఆ చూపు.

కన్జర్వేషన్ కోర్సా, మేనేజ్‌మెంట్ కోర్సా? రెండింటికీ తేడా తెలియట్లేదు.

కన్జర్వేషన్ వస్తువుతోనూ కట్టడంతోనూ నేరుగా చేసే పని. సున్నం ఎలా కలపాలి, చెక్కకు పట్టిన పురుగును ఎలా ఆపాలి, కాగితం మీది మరకను తీయాలా వద్దా అన్నవి అక్కడి ప్రశ్నలు. ప్రయోగశాల, చేతి నైపుణ్యం, రసాయన శాస్త్రం ముఖ్యం. మేనేజ్‌మెంట్‌లో మనుషులు, చట్టాలు, డబ్బు, ప్రణాళికలు ఎక్కువ. చేత్తో పనిచేస్తేనే మనసుకు తృప్తిగా ఉంటుందనుకునేవారు మేనేజ్‌మెంట్‌లో చేరి బాధపడటం చూశాను. రోజంతా సమావేశాలు, ఉత్తరాలు, నివేదికలు ఉంటాయని ముందే తెలుసుకుని చేరండి.

కోర్సుల వెబ్‌సైట్లన్నీ ఒకేలా ఉన్నాయి. ఎలా ఎంచుకోవాలి?

ముందు ఆ కోర్సు ఏ విభాగంలో పుట్టిందో చూడండి. న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో హిస్టారిక్ ప్రిజర్వేషన్ చదువు 1964లో ఆర్కిటెక్చర్ స్కూల్లో మొదలైంది. అలాంటిచోట కట్టడాల మీద దృష్టి ఎక్కువ. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీ (యూసీఎల్)లో ఈ పాఠాలు పురావస్తు సంస్థ నీడలో పెరిగాయి. అక్కడ తవ్వకపు స్థలాలు, మ్యూజియంల వైపు మొగ్గు కనిపిస్తుంది. జర్మనీలో కాట్‌బస్‌లోని సాంకేతిక విశ్వవిద్యాలయం 1999 నుంచి వరల్డ్ హెరిటేజ్ స్టడీస్ పేరుతో మాస్టర్స్ నడుపుతోంది. దానికి యునెస్కో ప్రపంచ వారసత్వ ఒప్పందమే కేంద్రం. పేర్లు దగ్గరదగ్గరగా ఉన్నా లోపల చదువులు వేరు.

ఆ తర్వాత మూడు విషయాలు అడగండి. ఎన్ని వారాలు ఫీల్డ్‌లో ఉంటారు? నిజమైన స్థలానికి నిజమైన ప్లాన్ రాయిస్తారా? పోయిన మూడు బ్యాచ్‌ల వాళ్లు ఇప్పుడు ఎక్కడ పనిచేస్తున్నారు? చివరి ప్రశ్నకు జవాబు చెప్పడానికి తటపటాయించే కోర్సుకు డబ్బు కట్టేముందు ఇంకోసారి ఆలోచించండి.

ఇంట్లో "ఈ చదువుకు ఉద్యోగాలెక్కడున్నాయి?" అంటున్నారు. ఏం చెప్పాలి?

నిజం చెప్పండి. ఉద్యోగాలున్నాయి, కానీ ఒకే పేరుతో, ఒకేచోట, ఏటా ఒకే నెలలో ప్రకటన వచ్చే ఉద్యోగాలు కావవి. ప్రభుత్వ పురావస్తు, వారసత్వ శాఖలు, మ్యూజియంలు, ఆర్కైవ్‌లు, ట్రస్టులు, ఆర్కిటెక్చర్ సంస్థలు, పర్యావరణ ప్రభావ అంచనాలు చేసే కన్సల్టెన్సీలు, నగర ప్రణాళికా విభాగాలు, టూరిజం సంస్థలు, స్వచ్ఛంద సంస్థలు, ఇలా చెల్లాచెదురుగా ఉంటాయి. మొదటి రెండు మూడేళ్లు తక్కువ జీతంతో కాంట్రాక్టు మీద పనిచేయాల్సి రావచ్చు. దానికి ఇంట్లోవాళ్లను ముందే సిద్ధం చేయండి. తర్వాత తెలిసి టెన్షన్ పడేకన్నా ఇప్పుడే లెక్కలు మాట్లాడుకోవడం మంచిది. అప్పు పెద్దదైతే, నెలనెలా తీర్చడానికి ఎంత జీతం కావాలో కాగితం మీద వేసుకుని, ఆ తర్వాతే కోర్సు తేల్చుకోండి.

డిగ్రీ లేకుండా ఈ రంగంలోకి రాలేమా?

రావచ్చు. గైడ్లుగా, మ్యూజియం సహాయకులుగా, ఫొటోగ్రాఫర్లుగా, మేస్త్రీలుగా వచ్చి మంచి మేనేజర్లయినవాళ్లున్నారు. అయితే ప్రభుత్వ పోస్టులకు, అంతర్జాతీయ సంస్థలకు మాస్టర్స్ పట్టా దాదాపు తప్పనిసరి. ఇప్పటికే ఏదైనా స్థలంలో పనిచేస్తుంటే అది వదిలేసి చదువుకు వెళ్లకండి. పార్ట్‌టైమ్ కోర్సు చూడండి.

## చదువుతున్నప్పుడు

ఈ చార్టర్లు, ఒప్పందాలు అన్నీ బట్టీ పట్టాలా?

బట్టీ పడితే పరీక్ష అయిన వారానికే మరిచిపోతారు. ఒక్కోటి ఏ సమస్యలోంచి పుట్టిందో పట్టుకోండి, తేదీలు వాటంతటవే గుర్తుంటాయి.

రెండో ప్రపంచ యుద్ధంలో యూరప్ నగరాలు కూలిపోయాయి. తర్వాత ఎవరికి తోచినట్టు వాళ్లు మళ్లీ కట్టారు. పునరుద్ధరణకు హద్దు ఎక్కడ అన్న ప్రశ్నకు 1964లో వెనిస్ చార్టర్ జవాబిచ్చింది: ఊహ మొదలైన చోట పునరుద్ధరణ ఆగాలి. ఆ రోజుల్లోనే ఈజిప్టులో అస్వాన్ ఆనకట్ట నీటిలో అబూ సింబెల్ ఆలయాలు మునిగిపోబోయాయి. 1964 నుంచి 1968 దాకా వాటిని ముక్కలుగా కోసి, ఎత్తయిన చోటికి తరలించారు. దానికి అనేక దేశాలు డబ్బిచ్చాయి. ఒక దేశపు కట్టడం కాపాడటం అందరి బాధ్యత ఎలా అవుతుందో అప్పుడు కళ్లకు కట్టింది. ఆ అనుభవమే 1972 ప్రపంచ వారసత్వ ఒప్పందానికి దారితీసింది.

వెనిస్ చార్టర్ రాతి కట్టడాల లోకంలోంచి వచ్చింది. ఆస్ట్రేలియాలో చాలా స్థలాలకు కట్టడమే ఉండదు, నేలకూ దానితో ముడిపడిన జ్ఞాపకాలకూ విలువ. అందుకని ఇకోమోస్ (కట్టడాలు, చారిత్రక స్థలాల పరిరక్షణ నిపుణుల అంతర్జాతీయ సంస్థ) ఆస్ట్రేలియా శాఖ 1979లో బుర్రా చార్టర్ రాసుకుంది. చెక్క కట్టడాల్లో భాగాలను మారుస్తూ ఉండే సంప్రదాయాలను ఎలా లెక్కలోకి తీసుకోవాలన్న చర్చ 1994లో జపాన్‌లో నారా పత్రం అయింది. పాటలు, చేతివృత్తులు, ఉత్సవాలు కట్టడాల జాబితాల్లో ఇమడవు కాబట్టి 2003లో వాటికి వేరే ఒప్పందం వచ్చింది. ఇలా వరుసగా చదివితే ఇది ఒకరితో ఒకరు వాదించుకుంటున్న పెద్దల సంభాషణలా ఉంటుంది. నాకైతే ఈ చదువులో అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే.

"ప్రాధాన్య ప్రకటన" రాయమన్నారు. నేను రాసిందంతా చరిత్ర వ్యాసంలా ఉందని వెనక్కి పంపారు. ఎక్కడ తప్పు చేస్తున్నాను?

ఏం జరిగిందో రాశారు, ఎందుకు విలువైనదో రాయలేదు. "ఈ వంతెనను ఫలానా రాజు కట్టించాడు" అన్నది సమాచారం. "ఈ ప్రాంతంలో ఇంత వెడల్పు కమాను రాతితో కట్టిన తొలి ఉదాహరణ ఇది, రెండు ఒడ్డుల ఊళ్లవాళ్లు ఇప్పటికీ పెళ్లి ఊరేగింపు దీని మీదుగానే తీసుకెళ్తారు" అన్నది ప్రాధాన్యం. బుర్రా చార్టర్ చెప్పే ఐదు విలువలను, అంటే సౌందర్యం, చరిత్ర, శాస్త్రం, సామాజికం, ఆధ్యాత్మికం, ఒక్కొక్కటిగా ఆ స్థలం ముందు పెట్టి అడగండి. తర్వాత ప్రతి విలువా దేనిలో ఉందో చూపండి: రాతిలోనా, స్థలం అమరికలోనా, వాడకంలోనా, జ్ఞాపకంలోనా? అది తేలితేనే రేపు ఏది ముట్టుకోకూడదో, ఏది మార్చినా పరవాలేదో తేలుతుంది. చరిత్ర భాగాన్ని ఒక పేజీలో ఆపేయండి.

మళ్లీ కట్టినదాన్ని వారసత్వం అనవచ్చా? క్లాసులో రోజూ ఇదే గొడవ.

ఆ గొడవ పడాల్సిందే, దానికి ఒకే జవాబు లేదు. రెండో ప్రపంచ యుద్ధంలో నేలమట్టమైన పోలండ్ రాజధాని వార్సా పాత నగరాన్ని పాత చిత్రాలు, కొలతల ఆధారంగా తిరిగి కట్టారు. 1980లో అది ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. బోస్నియాలోని మోస్తార్ వంతెనను 1993లో కూల్చేశారు, 2004లో మళ్లీ నిలబెట్టారు, 2005లో ఆ ప్రాంతం జాబితాలోకి వచ్చింది. ఈ రెండు చోట్లా పాత రాయికన్నా తిరిగి కట్టుకున్న మనుషుల పట్టుదలకు విలువ దక్కిందని చెప్పవచ్చు. జపాన్‌లోని ఇసే ఆలయాన్ని 20 ఏళ్లకోసారి కొత్త చెక్కతో కడతారు, చివరిసారి 2013లో కట్టారు. అక్కడ కొనసాగుతున్నది కట్టే విద్య. ఇటు అఫ్గానిస్థాన్‌లో 2001లో పేల్చేసిన, కొండలో చెక్కిన బామియాన్ బుద్ధ విగ్రహాల సంగతి చూడండి. తిరిగి నిలపాలా, ఖాళీ గూళ్లను అలాగే ఉంచాలా అన్న చర్చ ఎంతోకాలం సాగింది. నా అభిప్రాయం అడిగితే, ఆ ఖాళీ కూడా ఇప్పుడు చరిత్రే. మీరు ఏ వైపు వాదించినా, ఏ విలువను కాపాడటానికి వాదిస్తున్నారో ముందు చెప్పండి.

మేనేజ్‌మెంట్ ప్లాన్ అంటే అసలు ఏముండాలి?

ఆ స్థలం ఎందుకు విలువైనది, ఇప్పుడు ఏ స్థితిలో ఉంది, దానికి ఏం ముప్పుంది, వచ్చే ఐదారేళ్లలో ఎవరు ఏం చేస్తారు, డబ్బెంత, పని జరుగుతోందో లేదో ఎలా తెలుస్తుంది. ఇంతే. కష్టమంతా ఎవరిని అడిగి రాస్తారన్నదానిలో ఉంది.

నా మొదటి ఉద్యోగంలో ఒక పాత కట్టడ సముదాయానికి సందర్శకుల దారి గీశాం. మూడు నెలల పని, అందమైన మ్యాపులు. అక్కడ ఏళ్లుగా ఊడ్చే ఒక పెద్దావిడ ఆ మ్యాపు చూసి, "వానాకాలం ఇక్కడ మోకాలి లోతు నీళ్లు నిలుస్తాయి నాయనా" అంది. మా సర్వే ఎండాకాలంలో జరిగింది. దారి మార్చాం. అప్పటి నుంచి ఏ ప్లాన్ అయినా మొదటి వారం కాపలావాళ్లతో, ఊడ్చేవాళ్లతో, పక్కింటివాళ్లతో మాట్లాడటానికే పెట్టుకుంటాను.

బడ్జెట్లు, అకౌంట్లు కూడా నేర్చుకోవాలా?

తప్పకుండా. మరమ్మతుకు ఒకేసారి వచ్చే గ్రాంటుకూ, ఏటా కావలసిన నిర్వహణ ఖర్చుకూ తేడా తెలియక చాలా స్థలాలు దెబ్బతింటాయి. పైకప్పు బాగుచేయడానికి నిధులు దొరుకుతాయి. పైకప్పు అంచున వాన నీరు పారే గట్టర్లను ఏటా రెండుసార్లు శుభ్రం చేయడానికి ఎవరూ ఇవ్వరు. గట్టర్ నిండి నీళ్లు గోడలోకి దిగితే కొత్త పైకప్పు ఉండీ లాభం లేదు. ఎక్సెల్‌లో ఐదేళ్ల ఖర్చు పట్టిక సొంతంగా వేయగలిగితే మీరు క్లాసులో సగం మందికన్నా ముందున్నట్టే.

ఏ సాఫ్ట్‌వేర్లు రావాలి?

మ్యాపుల మీద సమాచారం పెట్టి విశ్లేషించే జీఐఎస్ సాఫ్ట్‌వేర్ ఒకటి బాగా రావాలి. క్యూజీఐఎస్ ఉచితం, దానితోనే మొదలుపెట్టండి. ఫొటోల నుంచి త్రీడీ నమూనా తయారుచేసే ఫొటోగ్రామెట్రీ కొంత తెలిస్తే మంచిది. వారసత్వ స్థలాల జాబితాలు నడపడానికి గెట్టీ కన్జర్వేషన్ ఇన్‌స్టిట్యూట్, వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ కలిసి తయారుచేసిన ఆర్చెస్ కూడా ఉచితమే. ఒకసారి తెరిచి చూడండి. డ్రోన్ కొనడానికి తొందరపడకండి.

థీసిస్‌కు ఎలాంటి అంశం తీసుకోవాలి?

మీరు కనీసం పదిసార్లు వెళ్లిరాగల స్థలం. ప్రసిద్ధమైనది కానక్కర్లేదు. ప్రసిద్ధ స్థలాల మీద ఇప్పటికే గుట్టలకొద్దీ పరిశోధనలున్నాయి, అధికారులకు మీతో మాట్లాడటానికి సమయం దొరకదు. ప్రశ్న చిన్నగా ఉండాలి. "ఈ నగరంలో వారసత్వ పరిరక్షణ" అన్నది జీవితకాలం పట్టే పని. "ఈ వీధిలో పాత ఇళ్ల యజమానులు మరమ్మతులు ఎందుకు వాయిదా వేస్తున్నారు?" అన్నది ఆరు నెలల్లో తేలుతుంది, చదివినవాళ్లకు పనికొస్తుంది.

## ఉద్యోగం వెతుక్కునేటప్పుడు

ఫ్రెషర్ పోస్టుకు కూడా రెండేళ్ల అనుభవం అడుగుతున్నారు. ఎక్కడి నుంచి తేవాలి?

చదువుతున్నప్పుడే కూడబెట్టాలి. యునెస్కో 2008 నుంచి ప్రపంచ వారసత్వ వాలంటీర్ల కార్యక్రమం నడుపుతోంది. మ్యూజియంలలో వస్తువుల జాబితా పనికి ఎప్పుడూ మనుషులు చాలరు. అదీ దొరక్కపోతే మీరే ఒక పాత కట్టడం ఎంచుకుని, యజమాని అనుమతితో కొలతలు, ఫొటోలు, స్థితి నివేదిక, ప్రాధాన్య ప్రకటన, ఖర్చు అంచనా కలిపి 20 పేజీల పత్రం తయారుచేయండి. ఇంటర్వ్యూలో ఆ పత్రం టేబుల్ మీద పెట్టినవారిని నేను మరిచిపోలేదు. అయితే నెలలకొద్దీ జీతం లేకుండా పనిచేయించుకునే చోట్లకు మాత్రం వద్దని చెప్పండి. ఇంటి నుంచి డబ్బు తెచ్చుకోగలవాళ్లే ఈ రంగంలో నిలబడే పరిస్థితి వస్తే రంగమే నష్టపోతుంది.

నేరుగా యునెస్కోలో చేరాలని ఉంది. దారి ఏమిటి?

ఆశ మంచిదే కానీ అది మొదటి మెట్టు కాదు. అక్కడ పోస్టులు కొద్ది, ఇంగ్లీషుతో పాటు ఫ్రెంచ్ వస్తే బలం. ఇంటర్న్‌షిప్‌లు, కొన్ని దేశాల ప్రభుత్వాలు ఖర్చు భరించే జూనియర్ ప్రొఫెషనల్ పోస్టులు ఉంటాయి. చాలామందికి తెలియని సంగతి ఒకటుంది: ప్రపంచ వారసత్వ జాబితాకు వచ్చే కట్టడాలు, నగరాలు, పురావస్తు స్థలాల నామినేషన్లను పరిశీలించి సలహా ఇచ్చేది ఇకోమోస్, ప్రకృతి స్థలాలకు ఐయూసీఎన్ (అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ). శిక్షణ పని ఎక్కువగా రోమ్‌లోని ఇక్రోమ్ అనే అంతర్జాతీయ పరిరక్షణ అధ్యయన కేంద్రానిది. ఇకోమోస్ సభ్యత్వం తీసుకుంటే ఆ రంగపు మనుషులతో పరిచయం మొదలవుతుంది. ఒక స్థలంలో ఐదేళ్లు గట్టిగా పనిచేసినవాళ్ల మాటకు అంతర్జాతీయ సంస్థల్లో విలువెక్కువ.

ఇంటర్వ్యూలో ఏం అడుగుతారు?

చాలాచోట్ల ఒక చిక్కు సమస్య ఇస్తారు. ఉదాహరణకు, పాత గుడికి వీల్‌చైర్ ర్యాంప్ కావాలి, మెట్లు మాత్రం అసలైనవి. సరైన జవాబు కోసం వెతక్కండి. ముందు ఎవరితో మాట్లాడతారు, మెట్ల విలువ ఎలా తేలుస్తారు, ఎన్ని ప్రత్యామ్నాయాలు చూస్తారు, తర్వాత తీసేయగలిగేలా ర్యాంప్ ఎలా పెడతారు, ఈ వరుస చెప్పండి.

## పనిలో చేరాక

సందర్శకులు పెరిగితే ఆదాయం పెరుగుతుంది కదా, ఎందుకు భయపడాలి?

ఫ్రాన్స్‌లోని లాస్కో గుహ కథ ప్రతి మేనేజర్‌కూ తెలిసుండాలి. దాదాపు 17,000 ఏళ్ల నాటి చిత్రాలు 1940లో బయటపడ్డాయి. 1948లో గుహను జనానికి తెరిచారు. రోజుకు వెయ్యిమందికి పైగా వచ్చేవారు. వాళ్ల ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్, తేమ, లైట్ల వేడి కలిసి లోపలి గాలిని మార్చేశాయి. గోడల మీద పచ్చటి నాచు పట్టింది. 1963లో గుహను మూసేశారు. 1983లో దగ్గర్లోనే నకలు గుహ తెరిచి జనాన్ని అక్కడికి మళ్లించారు. ఎవరూ చెడ్డపని చేయలేదు, అందరూ ప్రేమతో చూడటానికే వచ్చారు. అందుకే మొదటి రోజు నుంచే కొలతలు పెట్టుకోవాలి: తేమ ఎంత, నేల ఎంత అరిగింది, ఏ గంటలో ఎంతమంది. కొలతలు చేతిలో ఉంటే, టికెట్లు తగ్గించమని అడిగినప్పుడు పైవాళ్లు వింటారు.

పక్కనే పెద్ద నిర్మాణం వస్తోంది. వారసత్వం పక్షాన నిలబడితే "అభివృద్ధికి అడ్డం" అంటున్నారు.

ఈ మాట మీరు ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ వింటారు. జర్మనీలోని డ్రెస్డెన్‌లో ఎల్బే లోయ మీద కొత్త వంతెన కట్టడం మొదలుపెట్టారు, 2009లో ఆ లోయ ప్రపంచ వారసత్వ జాబితా నుంచి పోయింది. లివర్‌పూల్ రేవు ప్రాంతం కొత్త నిర్మాణాల వల్ల 2021లో పోయింది. ఈ రెండు చోట్లా హెచ్చరికలు ఏళ్ల తరబడి వచ్చాయి. నా అనుభవంలో గొడవ ముదిరేది వారసత్వ విభాగాన్ని చివర్లో పిలిచినప్పుడే. డ్రాయింగులు అయిపోయి, అప్పు మంజూరయ్యాక "మీ అభిప్రాయం చెప్పండి" అంటారు. అందుకే ప్రణాళికా శాఖలోనూ రోడ్ల శాఖలోనూ ఫైలు మొదలైనప్పుడే మీకు ఫోన్ చేసే మనిషి ఒకరు ఉండేలా చూసుకోండి. వారసత్వ ప్రభావ అంచనా, అంటే కొత్త నిర్మాణం వల్ల స్థలం విలువకు ఏం జరుగుతుందో ముందే లెక్కగట్టడం, నేర్చుకోండి. దీనికి యునెస్కో, ఇక్రోమ్, ఇకోమోస్, ఐయూసీఎన్ కలిసి 2022లో విడుదల చేసిన మార్గదర్శి మంచి ఆధారం. "వద్దు" అని ఒక్కమాటలో ఆపకుండా, ఎత్తు ఎంత తగ్గితే, ఎంత దూరం జరిగితే ఒప్పుకోగలరో అంకెల్లో చెప్పండి.

అగ్నిప్రమాదం, వరద లాంటివాటికి మేనేజర్ ఏం చేయగలరు?

ముందురోజు చాలా చేయగలరు, ఆ రోజు కొంచెమే చేయగలరు. 2019 ఏప్రిల్ 15న పారిస్ నోత్రదామ్ చర్చి తగలబడినప్పుడు మనుషులు వరుసగా నిలబడి విలువైన వస్తువులను బయటికి అందించారు. ఏవి ముందు తీయాలో తెలియకపోతే అది సాధ్యం కాదు. మీ స్థలంలో ముందుగా తీయాల్సిన పది వస్తువులు ఏవి, వాటి తాళాలు ఎవరి దగ్గరున్నాయి, ఒక్కోదాన్ని మోయడానికి ఎంతమంది కావాలి అన్నది ఒక్క పేజీలో రాసి, ఫైర్ స్టేషన్‌కు ఒక కాపీ ఇవ్వండి. ఏడాదికోసారి వాళ్లను పిలిచి దారులన్నీ నడిపించి చూపండి. తాళాల గుత్తి ఎక్కడ వేలాడుతోందో రాత్రి కాపలా మనిషికి కూడా తెలియాలి.